చీటీ అక్కర్లేదు... అయిదు ప్రశ్నలు కావాలి

మందుల షాపులో గట్టిగా అడిగే మందులు కొన్ని, గొంతు తగ్గించి అడిగేవి కొన్ని. జలుబు బిళ్ల, గ్యాస్ బిళ్ల, బీపీ బిళ్ల... వీధి అవతలికి వినబడినా ఫర్వాలేదు. గర్భనిరోధక మాత్ర దగ్గరికి వచ్చేసరికి వరస మారిపోతుంది. ముందు చుట్టూ చూడాలి. తెలిసినవాళ్లెవరూ లేరని తేల్చుకోవాలి. కౌంటర్ ముందు ఇద్దరు మగవాళ్లుంటే వాళ్లు కదిలేదాకా ఏ దగ్గు మందు సీసానో చూస్తున్నట్టు నిలబడాలి. చివరికి పర్సులోంచి పాత అట్టముక్క తీసి చూపిస్తూ 'అన్నా, ఇవి ఒక ప్యాకెట్టు' అనాలి. ఆ అన్న కూడా అంతే గుట్టుగా దాన్ని పాత పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి ఇస్తాడు. వ్యవహారమంతా అర నిమిషం. మాటలు నాలుగు. అందులో మందు గురించి ఒక్కటీ ఉండదు!

'డాక్టర్ని అడక్కుండా ఇలా కొనుక్కోవచ్చా?' అని చాలామందికి అనుమానం. కొందరికి భయం కూడా. కొనేవాళ్లు ఏదో తప్పు చేస్తున్నట్టు, అమ్మేవాళ్లు ఏదో సాయం చేస్తున్నట్టు నడిచిపోతుంది. నిజానికి ఇందులో తప్పూ లేదు, సాయమూ లేదు. ఉండాల్సింది వేరే ఒకటుంది. అదే ఉండటం లేదు.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో మందుల అమ్మకాన్ని నడిపించేది 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 1945 నాటి నిబంధనలు. వీటి ప్రకారం షెడ్యూల్ హెచ్‌లో ఉన్న మందులను డాక్టర్ చీటీ మీదే అమ్మాలి. హార్మోన్ మందులు చాలావరకు ఆ జాబితాలోవే. అయితే కుటుంబ నియంత్రణ కోసం వాడే కొన్ని మాత్రలకు, ఫలానా మోతాదు వరకు అని గిరిగీసి, మినహాయింపు ఇచ్చారు. లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రడయోల్ 0.03 మిల్లీగ్రాములు కలిసిన మాత్ర అందులో ఒకటి. పేరు చూసి కంగారు పడకండి. మనందరికీ తెలిసిన మాలా-డి అదే. 30 మిల్లీగ్రాముల సెంట్‌క్రోమన్ మాత్రకూ ఆ వెసులుబాటు ఉంది.

అంటే అమెరికా, బ్రిటన్‌లలో నిన్నమొన్న 'విప్లవం' అంటూ వార్తలకెక్కిన సంగతి మన ఊరి మెడికల్ షాపులో ఎప్పటినుంచో మామూలు విషయం. మాలా-డి 1987లో వచ్చింది. ప్రభుత్వమే తక్కువ ధరకు షాపుల్లో అమ్మించింది. ఎర్ర త్రికోణం గుర్తుతో పాటు ఆ పేరు గోడల మీద, దూరదర్శన్‌లో చూస్తూ ఒక తరం పెరిగింది. దాని తోబుట్టువు మాలా-ఎన్ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. ఇక 2011 నుంచి ఆశా కార్యకర్తలు కొన్ని జిల్లాల్లో వీటిని ఇంటి గుమ్మం దగ్గరికే తెచ్చి ఇచ్చే పథకం మొదలైంది. తర్వాత దాన్ని దేశమంతటికీ విస్తరించారు. నెలకు సరిపడా మాత్రలకు ఆశా తీసుకోవాల్సింది ఒక్క రూపాయి.

చీటీ ఎందుకు పుట్టింది?

అసలు ఈ మాత్రకు డాక్టర్ కాపలా ఎందుకు పెట్టారో తెలుసుకుంటే కథ అర్థమవుతుంది. 1960లో అమెరికాలో తొలి గర్భనిరోధక మాత్ర ఎనోవిడ్‌కు అనుమతి వచ్చింది. అందులో ఈస్ట్రోజెన్ రకం హార్మోన్ 150 మైక్రోగ్రాములు. ఇప్పటి మాలా-డిలో ఉన్నది 30. అంటే అయిదో వంతు. ఆనాటి మాత్ర వాడిన కొందరికి రక్తనాళాల్లో గడ్డలు కట్టాయి, ప్రాణాల మీదికి వచ్చింది. అంత బరువైన మందుకు అంత గట్టి కాపలా అవసరమే. తర్వాత మందు తేలికైంది గానీ కాపలా మాత్రం చాలా దేశాల్లో అలాగే ఉండిపోయింది.

ఇప్పుడిప్పుడే అది సడలుతోంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, గర్భనిరోధక మాత్రలు చీటీ లేకుండానే స్త్రీలకు అందుబాటులో ఉండాలని సిఫారసు చేసింది. 2021 జులైలో బ్రిటన్ డిసోజెస్ట్రెల్ అనే ఒకే హార్మోన్ ఉన్న మాత్రను ఫార్మసిస్టుతో మాట్లాడి కొనుక్కోవచ్చంది. 2023 జులైలో అమెరికా ఓపిల్‌కు పచ్చజెండా ఊపింది. 2024 మార్చి నుంచి అది సూపర్‌మార్కెట్ అరల్లో దొరుకుతోంది. అంతకుముందు అమెరికాలో ఒరెగాన్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో 2016 నుంచి ఫార్మసిస్టులే చీటీ రాసివ్వడం మొదలుపెట్టారు. మిగతాచోట్ల మాత్ర కోసమే డాక్టర్ అపాయింట్‌మెంట్, ఆ ఫీజు. డల్లాస్ వెళ్లే కోడలి సూట్‌కేసులో ఆవకాయ పక్కన ఆరు నెలల మందుల పొట్లం ఎందుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు కదా!

ఇక్కడ ఒక తేడా గమనించండి. బ్రిటన్, అమెరికాలు ఎంచుకున్నవి రెండూ ఈస్ట్రోజెన్ లేని మాత్రలు. రక్తం గడ్డల భయం ముఖ్యంగా ఈస్ట్రోజెన్‌తోనే కాబట్టి ముందు దాన్ని పక్కన పెట్టారు. పైగా బ్రిటన్‌లో ఫార్మసిస్టు కొన్ని ప్రశ్నలు అడిగి, జవాబులు విన్నాకే ప్యాకెట్ ఇస్తారు. మనదగ్గర చీటీ లేకుండా దొరికే మాలా-డిలో ఈస్ట్రోజెన్ ఉంది. మరి ప్రశ్నలు? అవే లేవు.

వాళ్లు తలుపు తీస్తూ గుమ్మంలో ఒక మనిషిని నిలబెట్టారు. మనం ఎప్పుడో తలుపు తీశాం, గుమ్మంలో మనిషిని పెట్టడం మరిచిపోయాం.

సరిహద్దు దాటిన స్త్రీలు

అమెరికాలోని ఎల్‌పాసో, మెక్సికోలోని హ్వారెస్ పక్కపక్క ఊళ్లు. మధ్యలో ఒక నది, దేశాల సరిహద్దు. ఎల్‌పాసోలో ఉండే కొందరు స్త్రీలు అక్కడి క్లినిక్కులకు వెళ్లి మాత్రలు తెచ్చుకునేవారు. కొందరు వంతెన దాటి హ్వారెస్ మందుల షాపుల్లో చీటీ లేకుండా కొనుక్కునేవారు. ఈ రెండు రకాల వాళ్లనూ, మొత్తం వెయ్యిమందికి పైగా, పరిశోధకులు 2006-08 మధ్య తొమ్మిది నెలలపాటు గమనించారు. మధ్యలో మాత్రలు మానేసినవారు ఎవరిలో ఎక్కువో తెలుసా? క్లినిక్‌కు వెళ్లిన వాళ్లలో! షాపులో కొనుక్కున్నవాళ్లే ఎక్కువగా కొనసాగించారు. దగ్గర్లో, అడిగినప్పుడు దొరికితే మనిషి మందు మానదు. ఇది ఒక పాఠం.

రెండో పాఠం కూడా ఉంది. షాపులో కొన్నవాళ్లలో, ఈ మాత్రకు కాస్త జాగ్రత్తపడాల్సిన వాళ్లు ఎక్కువగా తేలారు. ముఖ్య కారణం, తమకు బీపీ ఉందని తెలియకపోవడమో, పట్టించుకోకపోవడమో. బీపీ చూడటానికి పెద్దాసుపత్రి అక్కర్లేదు. మిషన్ ఒకటి, రెండు నిమిషాల సమయం చాలు. రెండు పాఠాలూ కలిపి చదివితే తేలేది ఒకటే. చీటీ లేకపోవడం నష్టం కాదు. అడిగేవాళ్లు లేకపోవడమే నష్టం.

అయిదంటే అయిదే

మరి అడగాల్సినవేమిటి? చాంతాడంత జాబితా కాదు. అయిదు ప్రశ్నలు. మాలా-డి లాంటి రెండు హార్మోన్ల మాత్ర కొనే ముందు ఎవరూ అడక్కపోతే మిమ్మల్ని మీరే అడుక్కోండి.

ఒకటి: మీ వయసెంత, పొగ తాగే అలవాటుందా? 35 దాటి పొగ తాగేవాళ్లకు ఈ మాత్ర పనికిరాదు. 'మన ఆడవాళ్లు పొగ తాగడమేంటి' అనుకోవద్దు. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో అడ్డపొగ తాగే అమ్మలు, అత్తలు ఎంతమందో! చుట్ట నిప్పు నోట్లో పెట్టుకున్నా పొగ పొగే.

రెండు: మీ బీపీ ఎంత? చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు? 140/90 లేదా అంతకు మించి ఉంటే ఈ మాత్ర జోలికి వెళ్లకుండా ముందు డాక్టర్ని కలవాలి.

మూడు: చివరి నెలసరి ఎప్పుడు, కాన్పయి ఎన్నాళ్లయింది? నెల తప్పిందేమోనన్న అనుమానం ఉంటే ముందు అది తేల్చుకోవాలి. చంటిబిడ్డకు పాలిచ్చే తల్లి ఆరు నెలలు నిండేదాకా ఈస్ట్రోజెన్ ఉన్న మాత్ర వాడకపోవడమే మంచిది. ఆమెకు వేరే మార్గాలున్నాయి.

నాలుగు: తలనొప్పి వచ్చే ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనబడతాయా? అలాంటి పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లకు ఈ మాత్రతో పక్షవాతం ముప్పు పెరుగుతుంది. అలాగే కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు, గుండెజబ్బు, తీవ్రమైన కాలేయ జబ్బు, రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లు వాడకూడదు.

అయిదు: ఇంకేమైనా మందులు వాడుతున్నారా? టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమజిపైన్ లాంటివి గర్భనిరోధక మాత్ర బలాన్ని తగ్గించేస్తాయి. మాత్ర వేసుకుంటూనే గర్భం రావచ్చు. టీబీ మందులు ఒకచోట, ఈ మాత్రలు ఇంకోచోట తీసుకునే మనదగ్గర ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

అయిదింటికీ 'సమస్య లేదు' అన్న జవాబొస్తే భయపడాల్సింది పెద్దగా లేదు. ఒక లెక్క చూడండి. మాత్ర వాడని స్త్రీలు పదివేల మందిలో ఏడాదికి సుమారు ఇద్దరికి రక్తం గడ్డ సమస్య రావచ్చు. మాలా-డిలో ఉన్నలాంటి మాత్ర వాడేవాళ్లలో అది అయిదు నుంచి ఏడుగురికి. గర్భంతో ఉన్నప్పుడు, కాన్పయిన కొత్తలో ఈ ముప్పు అంతకంటే ఎక్కువే. అయినా వాడుతుండగా పిక్కలో వాపు, నొప్పి, ఛాతీలో నొప్పి, ఆయాసం, ఎన్నడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం... ఏది కనబడ్డా మాత్ర ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వేసుకునే పద్ధతి చెప్పేదెవరు?

ప్యాకెట్‌లో 28 మాత్రలుంటాయి. తెల్లవి 21, ముదురు రంగువి ఏడు. ఆ ఏడూ ఐరన్ మాత్రలు. నెలసరి మొదలైన అయిదు రోజుల్లోపు మొదటి తెల్లమాత్ర వేసుకోవాలి. రోజూ ఒకే వేళకు. రాత్రి భోజనమయ్యాకో, పళ్లు తోముకున్నాకో, ఏదో ఒక అలవాటుకు ముడిపెట్టుకుంటే మరిచిపోరు. ఒకరోజు మరిచిపోతే గుర్తుకు రాగానే వేసుకుని, మిగతావి మామూలుగా కొనసాగించాలి. రెండుగానీ, అంతకంటే ఎక్కువగానీ మరిచిపోతే గుర్తుకు రాగానే ఒకటి వేసుకుని, ఏడు రోజులపాటు కండోమ్ కూడా వాడాలి.

ఈ నాలుగు ముక్కలూ చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చెప్పకపోతే ఏమవుతుందో లెక్క ఉంది. పద్ధతి తప్పకుండా వాడితే ఏడాదిలో వందమందిలో ఒక్కరికి కూడా గర్భం రాదు. మామూలుగా, అంటే మరిచిపోతూ గుర్తుచేసుకుంటూ వాడేవాళ్లలో మాత్రం ఏడెనిమిది మందికి వస్తుంది. మాత్ర అదే. మారేది వాడే పద్ధతే. ఆ ఏడెనిమిది మందీ 'మాత్ర పనిచేయదు' అని పదిమందికి చెబుతారు. తప్పు మాత్రమీదికి పోతుంది.

హార్మోన్లంటే భయపడేవాళ్లకు ఇంకోటుంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన సెంట్‌క్రోమన్. 1991లో సహేలీ పేరుతో వచ్చింది. 2016లో జాతీయ కార్యక్రమంలో చేరాక ప్రభుత్వాసుపత్రుల్లో ఛాయా పేరుతో ఉచితంగా ఇస్తున్నారు. ఇందులో హార్మోన్ లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికి ఒక్కసారే. పాలిచ్చే తల్లులూ వాడొచ్చు. కొందరికి నెలసరి కాస్త ఆలస్యమవుతుంది. ఆ సంగతి ముందే చెబితే కంగారుపడరు.

అత్యవసరానిది అత్యవసరానికే

కౌంటర్ దగ్గర మౌనం వల్ల జరిగే ఇంకో పొరపాటు, ఎమర్జెన్సీ పిల్. ఇది 2005 నుంచి చీటీ లేకుండా దొరుకుతోంది. 2007లో ఐ-పిల్ వచ్చాక టీవీ ప్రకటనలతో ఇంటింటికీ తెలిసింది. ఎంత తెలిసిందంటే, రోజువారీ మాత్ర పేరు తెలియని కాలేజీ అమ్మాయికి కూడా దీని పేరు తెలుసు. తెలియనిది దాని పని.

ఇందులో లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు. మాలా-డి రోజు మాత్రలో ఉన్నదానికి పది రెట్లు. రక్షణ లేకుండా కలిసిన 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. అండం విడుదల కాకుండా ఆలస్యం చేయడమే దీని పని. ఆ నెలంతా కాపాడదు. మర్నాడు మళ్లీ కలిస్తే మళ్లీ ప్రమాదమే. నెలకు మూడు నాలుగుసార్లు వేసుకుంటూ 'జాగ్రత్తగానే ఉన్నాం' అనుకునేవాళ్లకు నెలసరి గాడి తప్పుతుంది, రక్షణా సరిగా దొరకదు. వాళ్లకు కావాల్సింది రోజు మాత్రో, కండోమో. ఆ మాట చెప్పాల్సింది ఆ ప్యాకెట్ ఇస్తున్న చెయ్యే.

ఇంకో గందరగోళం కూడా ఉంది. ఎమర్జెన్సీ పిల్‌నూ, గర్భస్రావం మాత్రల కిట్‌నూ ఒకటే అనుకోవడం. రెండూ వేర్వేరు. నిలిచిన గర్భాన్ని ఎమర్జెన్సీ పిల్ తీసేయలేదు. కిట్ పని అదే. దాన్ని అర్హత ఉన్న డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలి, చీటీ లేకుండా అమ్మడం నేరం. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లే కొన్నిచోట్ల షాపులవాళ్లు ఎమర్జెన్సీ పిల్‌ను కూడా దాచేస్తారు. చట్టంలో ఏ నిషేధమూ లేకపోయినా తమిళనాడు మందుల షాపుల్లో అది దొరకడం కష్టమని ఏళ్లుగా వార్తలొస్తూనే ఉన్నాయి. చదువుకో, ఉద్యోగానికో చెన్నై వెళ్లిన మన అమ్మాయిలకు ఈ సంగతి అక్కడికెళ్లాకగానీ తెలియదు.

మాత్ర లేక... ఆపరేషన్

'ఇదంతా ఎందుకు, మన దగ్గర ఆపరేషన్ ఉంది కదా' అనే పెద్దవాళ్లుంటారు. నిజమే, ఉంది. ఎంత ఉందంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి కు.ని. ఆపరేషన్ అయిపోయింది. తెలంగాణలో అది 62 శాతం దాకా ఉంది. దేశం మొత్తం మీద 38 శాతమే. దేశంలో వందకు అయిదుగురు మాత్రలు వాడుతుంటే, ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరు కూడా తేలరు.

ఈ అంకెల వెనక ఉన్న జీవితాన్ని చూడండి. పద్దెనిమిది, పందొమ్మిదికి పెళ్లి. ఏడాది తిరగకుండా కాన్పు. మొదటిబిడ్డ నడక నేర్వకముందే రెండో కడుపు. రెండో కాన్పుతోనే ఆపరేషన్. ఇక జీవితంలో గర్భనిరోధకం అనే మాటే అవసరం లేదు. పెళ్లికీ తొలి కాన్పుకూ మధ్య, తొలి బిడ్డకూ మలి బిడ్డకూ మధ్య ఆ అమ్మాయికి ఒళ్లు కోలుకోవడానికో, డిగ్రీ పూర్తిచేయడానికో రెండు మూడేళ్లు కావాలి. ఆ వ్యవధిని ఆపరేషన్ ఇవ్వదు. మాత్ర ఇస్తుంది. కండోమ్ ఇస్తుంది. వీటి గురించి ఆమెకు చెప్పే మనిషే దొరకడు. అత్తగారికి చెప్పలేదు, ఆయన్ని అడగలేదు, డాక్టరమ్మ దగ్గరికి ఒంటరిగా వెళ్లలేదు. గడప దాటి వెళ్లగలిగినంత దూరంలో ఉన్నది సందు చివర మందుల షాపు ఒక్కటే.

ఆ షాపులో చదువుకున్న మనిషి ఉండాలని చట్టమే చెబుతోంది. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం రిజిస్టరైన ఫార్మసిస్టే మందు ఇవ్వాలి. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలైతే మందు ఎలా వాడాలో రోగికి వివరించడం కూడా ఆయన బాధ్యతేనన్నాయి. కానీ చాలాచోట్ల సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంది, కౌంటర్‌లో పదో తరగతి కుర్రాడు నిలబడతాడు. అతన్ని అని లాభం లేదు. అతనికెవరు చెప్పారు గనక!

పెద్ద ఖర్చేమీ లేదు. ప్రతి షాపులో ఒక బీపీ మిషన్. ఈ అయిదు ప్రశ్నలు తెలుగులో రాసిన ఒక కార్డు. నలుగురి మధ్య నోరు తెరిచి చెప్పక్కర్లేకుండా ఆ కార్డు చేతికిస్తే, ఆమే చదువుకుని వేలితో చూపిస్తుంది. కౌంటర్‌కు ఒక పక్కన కాస్త చాటు. కుదిరితే ఆడమనిషి ఒకరు. బీఫార్మసీ చదివిన అమ్మాయిలు మన రెండు రాష్ట్రాల్లో తక్కువేం లేరు.

అవన్నీ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈసారి ప్యాకెట్ కొంటున్నప్పుడు ఒక్కమాట అడగండి. 'బాబూ, ఇక్కడ ఫార్మసిస్టు ఎవరు? ఒకసారి పిలవండి.' తెలియదంటే మీ ఊరి ఏఎన్ఎంనో, ఆశా కార్యకర్తనో అడగండి. షుగర్ మాత్ర తిన్నాక వేసుకోవాలా, తినకముందా అని గట్టిగానే అడుగుతాం కదా. ఇదీ మందే. గొంతు తగ్గించాల్సిన పనేం లేదు.